చదువునకు వెళ్ళిన బిడ్డ



బాసర అనగానే మనకు జ్ఞానసరస్వతీ సన్నిధి, అక్షరాభ్యాసము జ్ఞప్తికి వచ్చును. ఆ ఊరనే 2008లో ట్రిపుల్ ఐటీ వెలసినది. పదవ తరగతి ముగియగనే పల్లెబిడ్డలు అచట ఆరేండ్ల చదువునకు చేరుదురు. పలకపై చేయి పట్టి దిద్దించిన మనము, పదహారేండ్ల ప్రాయమున హాస్టలులో ఇంగ్లీషు పాఠముతో పెనుగులాడు బిడ్డకు తోడగునది ఫోనులోనే గదా! అందు మనము మొదట అడుగునది మార్కులు. పిమ్మట "నీకై అప్పు చేసితిమి" అందుము. నిజమే కావచ్చును, కాని ఆ మాట విన్న బిడ్డ తన కష్టమును మరి చెప్పుకొనదు, "బాగున్నాను" అని ఊరకుండును.

తెలుగు మాధ్యమమున బడికే ప్రథమముగా నిలిచిన బిడ్డకు తొలి పరీక్షలో వెనుకబడుట తలవంపుగా తోచును. భాష మారినప్పుడు కొన్నాళ్ళు తడబాటు సహజమని మనమే ముందుగా చెప్పవలెను. "ఇచట ఉండలేను" అన్నచో కసరరాదు. వెంటనే పెట్టె సర్దించి తీసుకొనియు రారాదు. పూర్తిగా వినవలెను, వీలు చూచుకొని వెళ్ళి ఒక పూట కూర్చుండవలెను. (ఆవకాయ సీసా ఒకటి వెంట నుండిన మరియు మంచిది!)

నిద్రాహారములు మానినచో మాత్రము ఆలస్యము తగదు. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్, 14416 నంబరున, తెలుగులోనే ఉచితముగా సలహా చెప్పుదురు. ఆ నంబరును దేవుని పటము ప్రక్కన వ్రాసి ఉంచుకొందము. బిడ్డ పెట్టెలోను ఒక చీటీ వేయుదము.