నడుము కదలిక పాదంలో పుడుతుంది



థింసా చూస్తూ పెరిగిన పిల్లని. నడుము కదపడం నాకొకరు నేర్పాలా అనుకునేదాన్ని. పై చదువుకు షికాగో వెళ్లి, అక్కడ బ్లూస్ జంట నాట్యం క్లాసులో చేరిన మొదటి రోజే ఆ పొగరు దిగింది. పాట మొదలవగానే నడుము గిరగిరా తిప్పేశాను. నాతో ఆడుతున్నావిడ ఆగి, "నీ బరువు ఏ కాలి మీదుందో నాకు తెలియడం లేదు" అన్నారు.

తర్వాత ఆవిడే నేర్పారు. మీరూ లేచి నిలబడండి, చేసి చూద్దాం. పాదాల మధ్య జానెడు ఎడం ఉంచండి. మోకాళ్లు బిగించకండి. బరువంతా మెల్లగా కుడి పాదం మీదికి తెండి. ఎడమ మోకాలు కాస్త వంగనివ్వండి. కుడి తుంటి దానంతటదే పక్కకు జరిగింది కదా? ఇప్పుడు ఎడమ వైపు. భుజాలు ఊగకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. నడుమును మనం తిప్పక్కర్లేదు, పాదం తిప్పుతుంది. ఇది కుదిరాక ఫిష్‌టెయిల్ నేర్పుతారు. చేప తోక ఆడించినట్టు తుంటి 8 అంకె గీస్తుంది. జంటలో ఇదంతా చిన్నగానే చేయాలి. మన బరువు మారడం ఎదుటివారి అరచేతికి తెలిస్తే చాలు, తోయాల్సిన పని ఉండదు. ఎంత దగ్గరగా ఆడాలో ఇద్దరికీ ఇష్టమైతేనే.

ఈ నాట్యాన్ని కట్టింది ఆఫ్రికన్ అమెరికన్లు. బానిసత్వం నుంచి బయటపడ్డాక మిసిసిపీ లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో, పగలంతా పత్తి చేలల్లో ఒళ్లు విరుచుకున్నవాళ్లు రాత్రిళ్లు జూక్ జాయింట్లనే చిన్న పాకల్లో ఆడుకునేవారు. పని వెతుక్కుంటూ షికాగోకు వలస వచ్చినప్పుడు పాటతో పాటు ఆటనూ తెచ్చుకున్నారు. మర్యాదస్తులమనుకున్నవాళ్లు దాన్ని సిగ్గులేని ఆట అన్నారు. అయినా వాళ్లు మానలేదు. వాళ్లలోంచే వచ్చిన కేథరిన్ డన్‌హామ్ 1935లో కరీబియన్ దీవులకు వెళ్లి, అక్కడి ఊరి జనం ఆటలు నేర్చుకుని, వాటి నుంచి ఒక నాట్య పద్ధతినే తయారుచేశారు.

ఇది విన్నప్పుడు నాకు మా హాస్టల్ గుర్తొచ్చింది. వార్షికోత్సవంలో మేం థింసా ఆడితే వెనక వరసల్లో నవ్వారు. ఆ తర్వాత చాలా ఏళ్లు నేను ఆ వరసలో నిలబడలేదు. షికాగోలో ఆవిడ చెప్పిన పాఠం మా అవ్వకు ముందే తెలుసు. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకున్న వరసలో ఒక్కరి బరువు తప్పినా అందరి అడుగూ తప్పుతుంది. నేర్పేవాళ్లు ఇంట్లోనే ఉండగా నేను సిగ్గుపడి దూరంగా కూర్చున్నాను. అవ్వ ఇప్పుడు లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ దేశం ఆటైనా నేర్చుకోండి. అది ఎవరి కష్టంలోంచి పుట్టిందో తెలుసుకుని నేర్చుకోండి. మన ఆటను మాత్రం ఎవరి నవ్వుకో భయపడి వదిలేయకండి. కాసేపట్లో తుడుం మోగుతుంది. ఫోన్లు పక్కన పెట్టి వరసలోకి రండి. నేనూ వస్తున్నాను.