మన దేహముతో మన సఖ్యము

“కాకిపిల్ల కాకికి ముద్దు” అని మనవారు హాస్యమున కనుచుందురు. ఆ మాటలో ఎత్తిపొడుపుకన్న నిజమే హెచ్చు. బిడ్డ రూపమును మొదట ముద్దుగా చూచునది తల్లి. ఆ చూపునే బిడ్డ తన చూపుగా చేసికొనును. అది లోపించిననాడు ఏమగునో, దానిని మరల నెట్లు సమకూర్చవచ్చునో, మా పనిలో మేము తెలిసికొన్న కొన్ని విషయములను శ్రోతలకు మనవి చేయుదుము.

మావంటివారిని ఆంగ్లమున బాడీ ఇమేజ్ కోచ్‌లందురు. మేము వైద్యులము కాము. బరువు తగ్గించువారమును, అందము పెంచువారమును కాము. తన దేహమును తానే పగవానివలె చూచుకొనువారికి దానితో సఖ్యము కుదుర్చుటయే మా పని.

అద్దములోని రూపము వేరు. మనస్సులో మనము చిత్రించుకొను రూపము వేరు. వియన్నాలో పుట్టిన పాల్ షిల్డర్ అను మనోవైద్యుడు 1935లోనే దీనిపై గొప్ప గ్రంథము వ్రాసెను. ఈ రెండవ రూపమును చిత్రించునది మనమొక్కరమే కాము. చుట్టునున్న లోకము కూడ కుంచె పట్టును. ఫిజీ ద్వీపములలో నిండైన దేహమును జనులు మెచ్చుకొనెడివారు. అచటి నాద్రోగా ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చెను. ఆన్ బెకర్ అను పరిశోధకురాలు ఆ యేటను, మరల 1998లోను అచటి బడి బాలికలను ప్రశ్నించెను. బరువు తగ్గుటకై తిన్నది కక్కివేయువారు మొదటిసారి ఒక్కరును లేరు. మూడేండ్లకే నూటికి 11 మందికి పైగా కనబడిరి.

మన యిండ్లలో బరువుతోపాటు రంగు కూడ బాధయే. కళాశాలలో చదువుచున్న ఒక బాలిక మా యొద్దకు వచ్చెను. పెండ్లియింట ఎవరో బంధువు “అక్క రంగు రాలేదే దీనికి?” అన్నారట. అప్పటికామెకు పదేండ్లు. నాటినుండి ఛాయాచిత్రము తీయునపుడెల్ల ఆమె వెనుక వరుసలో దాగెడిది. రహస్యముగా కొనిన లేపనమొకటి పూసి పూసి ముఖము ఎఱ్ఱబారినది.

మేము మొదట తప్పు చేసితిమి. “నీవు అందముగానే యున్నావమ్మా” అంటిమి. రెండు వారములామె మరల రాలేదు. మెప్పు కూడ తీర్పే యని అప్పుడు బోధపడినది. ఆమె అలసినది తీర్పులు వినియే గదా!

పిదప వేరు మార్గము పట్టితిమి. అద్దము ముందు నిలిచి కనబడినదానిని కనబడినట్లు చెప్పుమంటిమి. “నల్లగా ఉన్నాను” అనవచ్చును, అది రంగు. “నల్లగా ఉండి ఎందుకూ కొరగాకుండా పోయాను” అనరాదు. అది ఎవరో అన్న మాట. ప్రతిరాత్రియు ఆనాడు దేహము చేసిపెట్టిన మేలొకటి వ్రాయుమంటిమి. మెట్లెక్కించిన కాళ్ళు, అమ్మమ్మకు జడవేసిన చేతులు ఆ పుస్తకములో చేరినవి. ఒకనాడు తల్లిని కూడ పిలిచితిమి. ఆమె చాలసేపు మౌనముగా నుండి, “నా పెళ్ళిచూపుల్లో నన్నూ ఇదే మాట అన్నారు” అని కన్నీరు పెట్టుకొనెను. కూతురామె చేయి పట్టుకొనెను. ఆ బాలిక తన ముఖమును ప్రేమించినదని మేము చెప్పము. లేపనము మానినది, చర్మవైద్యునికి చూపించుకొన్నది. చిన్నాన్న కూతురి పెండ్లిలో ముందు వరుసలో నిలిచినది. అది చాలును.

రంగు మార్చునని అమ్ము కొన్ని లేపనములలో పాదరసము, స్టెరాయిడ్లు ఉన్నట్లు పరీక్షలలో తేలినది. పాదరసము మూత్రపిండములను చెఱచును. స్టెరాయిడ్లు చర్మమును పలుచన చేయును. 1975లో మన దేశమున వెలసిన ఒక ప్రసిద్ధ లేపనము 2020లో తన పేరునుండి ‘ఫెయిర్’ అను మాటను తీసివేసినది. పెట్టెపై పేరు మార్చుట సులభము. నాలుకపై మాట మార్చుటయే కష్టము.

దేహమును ఒప్పుకొన్నచో ఆరోగ్యముపై అశ్రద్ధ కలుగునని కొందరి శంక. మేము చూచినది వేరు. ద్వేషించుదానికి ఎవరును సేవ చేయరు. సిగ్గుపడువాడు నడకకే బయటికి రాడు. అయితే పిల్లలు అన్నము మానివేసినను, తిన్నది కక్కివేయుచున్నను, సొమ్మసిల్లుచున్నను మావంటివారిని నమ్మి కూర్చుండరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను.

ఇంటి పెద్దలకొక్క విన్నపము. చాలనాళ్ళకు కనబడిన బిడ్డను “చిక్కిపోయావే”, “లావయ్యావే” అని పలుకరించుట మనకలవాటు. అది ప్రేమతో అన్నదే కావచ్చును. అయినను ఈసారి “ఏమి చదువుచున్నావు? ఎవరితో ఆడుచున్నావు?” అని అడిగి చూడుడు. ఆ బిడ్డ తలయెత్తి మీ కన్నులలోనికి చూచును.