పాత ముక్కలతో మన సైకిలు

(సాయంత్రం చదువుల కేంద్రంలో ఒక వాలంటీరు టీచరు అక్కచెల్లెళ్లతో చెప్పిన మాటలు)

అక్కలారా, చెల్లెళ్లారా, పెద్దమ్మలారా!

ఈ రోజు పలకలు పక్కన పెట్టండి. బయట వేపచెట్టుకు ఒక సైకిలు ఆనించి ఉంది. లోపలికి వచ్చేటప్పుడు మీరంతా చూసే ఉంటారు. దాని ఫ్రేము ఎరుపు. ముందు మడ్‌గార్డు నలుపు. వెనక మడ్‌గార్డు ఆకుపచ్చ. సీటు ఒక సైకిలుది. హ్యాండిలు ఇంకో సైకిలుది. దాన్ని చూసి కొందరు నవ్వారు. "ఇదేం సైకిలమ్మా, బొంత మాదిరి ఉండాది!" అని ఒక పెద్దమ్మ అనింది.

పెద్దమ్మ మాట నిజమే. ఇది బొంతే. పాత చీరలు చింపి మనం బొంత కుడతాం. రంగులు కలవకపోయినా అది చలికి ఆగుతుంది. ఎందుకు? కుట్టు గట్టిది కాబట్టి. ఈ సైకిలు కూడా అంతే. రంగులు కలవలేదు. కానీ కొలతలు కలిశాయి. ఆ కొలతలు ఎట్లా కలిపామో ఈ రోజు చెప్తాను. నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను.

ఎందుకు చేశాం?

ఈ సైకిలు మన కేంద్రంలో చదువుకున్న ఒక అక్కది. "నా కథ చెప్పు, పేరు మాత్రం చెప్పొద్దు" అనింది. అందుకే పేరు చెప్పను.

ఆ అక్క ఆకుకూరలు పండిస్తుంది. పొద్దున్నే కోసి ఆళ్లగడ్డలో అమ్ముతుంది. ఆటోకు పోను 20 రూపాయలు, రాను 20 రూపాయలు. రోజుకు 40. నెలకు 25 రోజులు పోతుంది. 40 × 25 = 1,000. ఈ లెక్క అక్క తనే పలక మీద వేసింది. వేసి, కొంచెం సేపు మాట్లాడలేదు. "నెలకు వెయ్యి రూపాయలు దారికే పోతా ఉండాదా?" అనింది.

కొత్త సైకిలు కొందామంటే ఐదారు వేలు కావాలి. "అంత దుడ్లు యాడుండాయి?" అనింది అక్క. వాళ్ల ఇంట్లో గడ్డివాము పక్కన ఒక పాత లేడీస్ సైకిలు పడి ఉంది. కూతురు బడికి పోయిన సైకిలు అది. కూతురికి పెళ్లయి పోయింది. సైకిలు తుప్పు పట్టింది. ముందు చక్రం నలిగిపోయింది. చైను లేదు. టైర్లు చీలిపోయాయి. ఫ్రేము మాత్రం బాగుంది.

మేము మొదట ఫ్రేమునే పరీక్ష చేశాం. గొట్టాలు కలిసే చోట చీలిక ఉందా అని గుడ్డతో తుడిచి చూశాం. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును కూడా చూశాం. ఫ్రేము చీలినా, ఫోర్కు వంగినా ఆ సైకిలు మీద ఆశ వదులుకోవాలి. వంగిన ఫోర్కును కొట్టి సాపు చేస్తే అది లోపల బలం పోగొట్టుకుంటుంది. ఎప్పుడో నడి దారిలో విరుగుతుంది.

సైకిలు ఎక్కడ పుడుతుంది?

"ఒక కంపెనీ ముక్క ఇంకో కంపెనీ సైకిలుకు పడుతుందా?" అని మీరు అడగవచ్చు. చాలా ముక్కలు పడతాయి.

ఇప్పుడు మనం చూసే సైకిలు రూపం 1885లో ఇంగ్లండులో వచ్చింది. జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన దాన్ని తయారు చేశాడు. రెండు చక్రాలు దాదాపు సమానం. చైను వెనక చక్రాన్ని తిప్పుతుంది. 1888లో డన్లప్ అనే పశువుల డాక్టరు గాలి నింపే టైరు చేశాడు. అప్పటి నుంచి సైకిలు రూపం పెద్దగా మారలేదు.

మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చాక పెద్ద సైకిలు ఫ్యాక్టరీలు పెరిగాయి. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ మొదలయింది. 1951లో సోనీపట్‌లో అట్లాస్ వచ్చింది. 1956లో లుధియానాలో హీరో వచ్చింది. లుధియానా పంజాబులో ఉంది. అక్కడ చిన్న చిన్న కార్ఖానాలు ఎన్నో ఉన్నాయి. ఒక చోట పెడళ్లు చేస్తారు. ఇంకో చోట సీట్లు చేస్తారు. మరో చోట మడ్‌గార్డులు చేస్తారు. అన్నీ కలిపి బిగిస్తే సైకిలు.

అంటే కొత్త సైకిలు కూడా నాలుగు చోట్ల ముక్కలు కలిపిందే. కాబట్టి మన సైకిలును చూసి సిగ్గుపడే పని లేదు.

టైరు మీద రాత

ఒక ఆదివారం అక్కా నేనూ బస్సెక్కి నంద్యాల పోయాం. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. పాత ఇనుప సామాను అంగళ్లు తిరిగాం. సీటు, హ్యాండిలు, మడ్‌గార్డులు అక్కడ దొరికాయి. ముందు చక్రం కూడా ఒకటి దొరికింది.

తర్వాత కొత్త టైర్ల కోసం ఒక అంగడికి పోయాం. మా పాత టైరు ముక్క సంచిలో తీసుకుపోయాం. "26 టైరు ఇయ్యన్నా" అన్నాం. ఆయన ఒకటి తీసి ఇచ్చాడు. నేను దుడ్లు తీయబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. టైరును వెలుతురులో పెట్టి తిప్పి చదివింది.

"అన్నా, దీని మీద 26, 1.75 అని ఉండాది. మా దాని మీద 26, ఒకటి, పక్కన మూడు, గీత, కింద ఎనిమిది ఉండాది. రెండూ ఒకటేనా?" అనింది.

"26 అంటే 26 కదమ్మా, పడుతుందిలే" అన్నాడు ఆయన.

పడదు. అక్కలారా, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. 26 × 1 3/8 వేరు. 26 × 1 1/2 వేరు. 26 × 1.75 వేరు. మూడింటికీ 26 అనే పేరే. కానీ టైరు కూర్చునే చోట రింగు కొలత మూడింటికీ వేరు. చాలా టైర్ల మీద ఇంకో అంకె కూడా ఉంటుంది. మొదటి దానికి 590, రెండో దానికి 584, మూడో దానికి 559. అవి మిల్లీమీటర్లు. రింగు ఈ అంచు నుంచి ఆ అంచుకు అంత దూరం అన్నమాట. 590 రింగు మీద 559 టైరు ఎక్కదు. 559 రింగు మీద 590 టైరు నిలవదు, జారిపోతుంది.

మగవాళ్ల పెద్ద సైకిలుకు మామూలుగా 28 × 1 1/2 ఉంటుంది. ఆ చక్రం మన లేడీస్ ఫ్రేములో పట్టదు.

ఆ అంగడాయన చివరికి మా టైరు వెతికి ఇచ్చాడు. అక్క ఆ రోజు బస్సులో నాతో ఒక మాట అనింది. "నేను మొదటిసారి అంగట్లో రాత చదివి బేరం చేసినా." ఆ మాట నేను మర్చిపోలేను.

పుల్లలు, చైను, పెడలు

ఇంకొన్ని కొలతలు చెప్తాను.

రింగుకు రంధ్రాలుంటాయి. నడుమ హబ్బుకు కూడా రంధ్రాలుంటాయి. రెండూ సమానంగా ఉండాలి. రింగుకు 36 ఉంటే హబ్బుకూ 36. పాత పెద్ద సైకిళ్లలో మామూలుగా ముందు 32 పుల్లలు, వెనక 40 పుల్లలు ఉంటాయి. అందుకే కొనే ముందు లెక్కపెట్టండి.

చైను విషయం సులువు. గేర్లు లేని మామూలు సైకిళ్ల చైన్లన్నీ ఒకే కొలత. ఒక్కో కణుపు అర అంగుళం. కాబట్టి 24 కణుపులు 12 అంగుళాలు ఉండాలి. టైలరు టేపుతో కొలవండి. 12 దాటి సాగి ఉంటే ఆ చైను అరిగిపోయింది. దాన్ని తీసుకోవద్దు.

పెడలు విప్పేటప్పుడు జాగ్రత్త. కుడి పెడలు మర మామూలుగా తిరుగుతుంది. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. తెలియక బలంగా తిప్పితే మర చెడిపోతుంది. చాలా పెడళ్ల ఇరుసు మీద అక్షరం ఉంటుంది. ఇంగ్లీషు ఎల్ ఉంటే ఎడమ. ఆర్ ఉంటే కుడి.

ఇంకొకటి. అక్క బరువు మోస్తుంది. తొక్కుడు తేలిక కావాలి. పెడళ్ల దగ్గరి పెద్ద చక్రానికి 44 పళ్లున్నాయి. వెనక ఫ్రీవీలుకు 18 పళ్లుండేవి. మేము 22 పళ్ల ఫ్రీవీలు వేయించాం. 44ను 22తో భాగిస్తే 2. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. వేగం కొంచెం తగ్గింది. కానీ మూట పెట్టుకుని మిట్ట ఎక్కడం సులువయింది.

మనది నల్లరేగడి నేల. వాన పడితే బంక మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది. చక్రం ఆగిపోతుంది. అందుకే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలాం. పల్లేరు కాయల సంగతి మీకు చెప్పక్కర్లేదు. పంచరు అతికించే సామాను సీటు కింద సంచిలో పెట్టాం.

నేను చేసిన తప్పు

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

నంద్యాలలో కొన్న ముందు చక్రం మీద కూడా 26 × 1 3/8 అనే ఉంది. అంకె కలిసింది. ఫ్రేములో సరిగ్గా కూర్చుంది. గుండ్రంగా తిరిగింది. నాకు సంతోషం పట్టలేదు. కానీ ఆ చక్రం కడ్డీ బ్రేకు సైకిలుది. మాది తీగ బ్రేకు.

రెండింటికీ తేడా ఏమిటి? కడ్డీ బ్రేకులో రబ్బరు ముక్కలు రింగుకు లోపలి వైపు తగులుతాయి. తీగ బ్రేకులో రబ్బరు ముక్కలు రింగును రెండు పక్కల నుంచి నొక్కుతాయి. అందుకు రింగు పక్కలు చదునుగా ఉండాలి. కడ్డీ బ్రేకు రింగు పక్కలు గుండ్రంగా ఉంటాయి. రబ్బరుకు పట్టు దొరకదు.

నేను స్టాండు వేసి, చక్రం తిప్పి, బ్రేకు నొక్కాను. చక్రం ఆగింది. "బాగుంది అక్కా, రేపు తీసుకుపో" అన్నాను. స్టాండు మీద చక్రానికి బరువు లేదు. అందుకే ఆగింది. ఆ సంగతి నాకు తట్టలేదు.

మరుసటి రోజు అక్క మూట పెట్టుకుని బయలుదేరింది. కాలువ వంతెన దిగేటప్పుడు ముందు నుంచి బర్రెలు వచ్చాయి. అక్క బ్రేకు పట్టింది. ముందు బ్రేకు జారింది. వెనక బ్రేకు ఒక్కటీ చాలలేదు. అక్క కాళ్లు నేలకు ఈడ్చి, కాలువ గట్టు కంపలో పడింది. మోకాలు చీరుకుపోయింది. ఆకుకూర అంతా మట్టిపాలయింది. రెండు అడుగులు అవతల నీళ్లు.

నేను పరుగెత్తి పోయాను. "నాదే తప్పు అక్కా" అన్నాను. అక్క వాళ్ల అత్త కోపంగా ఉంది. "ఆడదానికి సైకిలెందుకని నేను ముందే చెప్పినా" అనింది. అప్పుడు అక్క ఏమనిందో తెలుసా? "తప్పు సైకిలుది కాదత్తా, రింగుది. రింగు మారుద్దాం" అనింది.

ఆళ్లగడ్డలో ఒక మెకానిక్కన్న రింగు చూడగానే సంగతి చెప్పాడు. చదును పక్కల రింగు తెప్పించి, అదే హబ్బుకు పుల్లలు అల్లాడు. అక్క పక్కన కూర్చుని రంధ్రాలు లెక్కపెట్టింది. 36కు 36.

ఈసారి పరీక్ష వేరే రకంగా చేశాం. బ్రేకు గట్టిగా పట్టి, సైకిలును ముందుకు తోశాం. చక్రం తిరగలేదు. తర్వాత సీటు వెనక 20 కిలోల బియ్యం మూట కట్టాం. చదును నేల మీద మెల్లగా తొక్కి, బ్రేకు పట్టి చూశాం. తర్వాత చిన్న పల్లం. ఆ తర్వాతే వంతెన. మీరు కూడా ఈ వరుస తప్పొద్దు. బ్రేకు రబ్బర్లు, బ్రేకు తీగలు ఎప్పుడూ కొత్తవే కొనండి. వాటిలో పొదుపు వద్దు.

ఖర్చు లెక్క

ముందు చక్రం, పాతది: 150
సీటు, హ్యాండిలు, మడ్‌గార్డులు, పాతవి: 250
టైర్లు రెండు: 500
ట్యూబులు రెండు: 200
చైను, ఫ్రీవీలు: 250
బ్రేకు తీగలు, రబ్బర్లు: 100
ఇరుసు గుండ్లు, గ్రీజు: 50
మెకానిక్కు కూలి: 300
మొత్తం: 1,800 రూపాయలు

నా తప్పు వల్ల రింగుకు, అల్లకానికి ఇంకో 450 అయింది. అది నేను ఇచ్చాను. అంతా కలిపి 2,250. ఆటోకు నెలకు 1,000 మిగిలితే, రెండు నెలల పైన కొన్ని రోజుల్లో సైకిలు ఖర్చు తీరిపోయింది. ఇప్పుడు మిగిలేది అక్క చేతిలోనే ఉంటుంది.

పుదుక్కోట్టై అక్కలు

"నలుగురూ నవ్వుతారు" అని భయపడే వాళ్లకు ఒక మాట. తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990 తర్వాత అక్కడ పెద్ద అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. దాని పేరు అరివొళి ఇయక్కం. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. చదువుతోపాటు ఆడవాళ్లకు సైకిలు కూడా నేర్పించారు. కూలికి పోయే వాళ్లు, రాళ్లు కొట్టే వాళ్లు, టీచర్లు, నర్సులు వేల మంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక, మగవాళ్ల సైకిళ్ల మీదే చాలామంది నేర్చుకున్నారు. మొదట నవ్విన వాళ్లు తర్వాత నవ్వడం మానేశారు. రోజూ కనిపించే దాన్ని చూసి ఎంతకాలమని నవ్వుతారు?

బయట ఉన్న సైకిలును కూడా మన ఊళ్లో ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు. మొన్న అక్క వాళ్ల అత్తే వెనక కూర్చుని ఆసుపత్రికి పోయింది. దిగి ఏమనింది? "బ్రేకు బాగానే పడతా ఉండాది" అనింది.

అక్కలారా, మీ ఇళ్లలో కూడా గోడ వెనక ఒక పాత సైకిలు ఉంటుంది. ఇనుము కింద తూకానికి వేసే ముందు ఒకసారి దాన్ని తుడవండి. టైరు మీద రాత చదవండి. చదవడం రాకపోతే పక్క అక్కను అడగండి. ఇప్పుడు లేవండి. అందరం బయటికి పోయి ఆ సైకిలు టైరు మీద ఏముందో చదువుదాం.

మాట్లాడుకోండి, చేసి చూడండి

1. మీ ఇంట్లోని సైకిలు టైరు మీద ఏ అంకెలున్నాయి? పలక మీద రాయండి.
2. ముందు చక్రానికి ఎన్ని పుల్లలు? వెనక చక్రానికి ఎన్ని?
3. అంకె కలిసినా ముందు చక్రం ఎందుకు పనికిరాలేదు?
4. మీరు నెలకు దారి ఖర్చు ఎంత పెడుతున్నారు? లెక్క వేయండి.