పిల్లల కనుచూపు – పంచాయతీల బాధ్యత
(ఐరాలలో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మీ మండలమునందే వెలసిన కాణిపాకము కథ మీకు మేము చెప్పనక్కరలేదు. బావి త్రవ్విన ముగ్గురు సోదరులలో ఒకరు అంధులనియు, స్వామి బయల్పడగానే వారికి చూపు వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. అట్టి చోట, బడిలో నల్లబల్ల కానరాక వెనుకబడుచున్న పిల్లలను గూర్చి ముచ్చటించుకొనుట సముచితమని తలచితిమి.

దూరపు వస్తువులు మసకగా కనబడుటను హ్రస్వదృష్టి యందురు. దీనికి తగిన కండ్లజోడు చాలును. పిల్లలలో అనేకులకు అంతకు మించినది అవసరము లేదు.

కాని కొందరికి, నల్లగ్రుడ్డును కప్పి గాజువలె నుండు కార్నియా యను పొర పలుచబడి, బొంగరపు మొనవలె ముందుకు పొడుచుకొని వచ్చును. దీని పేరు కెరటోకోనస్. ఇది తరచుగా యౌవనారంభమున బయటపడును. కన్నులు అదేపనిగా నులుముకొనుట దీనిని పెంచును. జోడు నంబరు మాటిమాటికి మారుచు, చూపు మాత్రము తేటపడకున్నచో దీనిని శంకింపవలెను. “వీనికి చదువు అబ్బదు” అని బడి మాన్పించి తోటపనికి పంపుట ఎంత అన్యాయము! ఇట్టి కంటికి ప్రత్యేకమైన గట్టి లెన్సు గాని, తెల్లగ్రుడ్డుపై ఆని, కార్నియాను తాకక నడుమ శుద్ధ ద్రవమును నిలుపుకొను స్క్లెరల్ లెన్సు గాని అమర్చినచో చాలమందికి చూపు మెరుగగును. వ్యాధి ముదరకుండ ఆపు చికిత్సయు కలదు. అది ఆలస్యము కాకముందే జరుగవలెను.

ఇక రాత్రివేళ పెట్టుకొని ఉదయము తీసివేయు లెన్సులను గూర్చి మీరు వినియుందురు. అమెరికాలో 2002లో వీనికి అనుమతి లభించినది. ఇవి నిద్రలో కార్నియాను కొంచెము చదును చేయుటచే పగలు జోడు లేకుండ చూడవచ్చును. పిల్లలలో నంబరు పెరుగుదలను కొంత నెమ్మదింపజేయునని పరిశోధనలు తెలుపుచున్నవి. అయినను, మానివేసినచో పాత మసకయే తిరిగి వచ్చును. ఇది శాశ్వత చికిత్స కాదు, వెలయు అధికము. బోరునీటితో గాని, కుళాయినీటితో గాని లెన్సు కడిగినచో అకాంథమీబా యను సూక్ష్మజీవి కార్నియాను పుండుచేసి చూపునే హరింపవచ్చును. సబ్బుతో కడిగి తుడుచుకొన్న చేతులతో, వైద్యుడు చెప్పిన ద్రవముతోనే శుభ్రపరుపవలెను. కన్ను ఎఱ్ఱబడి నొప్పి పుట్టినచో లెన్సు తీసివేసి ఆనాడే వైద్యునికి చూపవలెను.

మీరు చేయదగినవి మూడు కలవు. మొదటిది, ఏటేట బడిలో ప్రతి బిడ్డకును ఒక్కొక్క కన్ను మూసి చూపు పరీక్ష జరుగునట్లు చూడుడు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమునందు ఇది చేరియున్నది. రెండవది, జోడు పెట్టుకొన్న బిడ్డను, అందును ఆడపిల్లను, ఎవరును హేళన చేయకుండ కాపాడుడు. మూడవది, జోడుతోను చూపు తేటపడని వారిని కంటి ఆసుపత్రికి పంపుడు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర అరవింద్ నేత్ర వైద్యశాల కలదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987 నుండి పేదలకు ఉచితముగ సేవ చేయుచున్నది. ప్రత్యేక లెన్సులును అచట అమర్చుదురు.

రాబోవు గ్రామసభలో ఈ ఒక్క ప్రశ్న అడుగుడు: “జోడు ఉండియు నల్లబల్ల చదువలేని బిడ్డ మన ఊరిలో ఎవరు?” ఆ పేరు తెలిసిన దినముననే మీ పని మొదలగును.