నాలుగు కాగితాలు, ఒకే చెల్క

ఇవాళ పట్టా అందుకోబోతున్న మీకు మా ఇంటి సంగతి ఒకటి చెప్పి మొదలుపెడతాను.

మా ఊరి ఇంట్లో ఒక ఇనప్పెట్టె ఉండేది. నాన్న పోయాక దాన్ని తెరిస్తే అడుగున తెల్లగుడ్డలో చుట్టిన భూమి కాగితాలు దొరికాయి. మొదటిది ఉర్దూలో ఉంది. ఫసలీ 1352 నాటిది, అంటే మన లెక్కలో 1942-43. దాని మీద నిజాం సర్కారు ముద్ర. రెండోదాని మీద మూడు సింహాలు, హైదరాబాద్ రాష్ట్రం పేరు. మూడోది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన పట్టాదారు పాసుపుస్తకం. నాలుగోది తెలంగాణ ప్రభుత్వానిది. నాలుగింటిలో ఉన్న భూమి మాత్రం ఒక్కటే, గుట్ట పక్కన మూడెకరాల చెల్క. హద్దురాళ్లు అక్కడే ఉన్నాయి, గట్టు మీది చింతచెట్టూ అక్కడే ఉంది. మా తాత ఊరు దాటి పోకుండానే ఆయన నెత్తిమీది సర్కారు మారిపోతూ వచ్చింది.

చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. అయినా ఆ పెట్టె ముందు కూర్చున్న రోజున గానీ ఒక ప్రశ్న నన్ను గట్టిగా పట్టుకోలేదు. ప్రభుత్వానికి వయసెంత? నేనడిగేది దేశం వయసు గురించో నాగరికత వయసు గురించో కాదు. ఇవాళ కుర్చీలో ఉన్నవాళ్లు ఏ నియమాల ప్రకారం ఆ కుర్చీ ఎక్కారో, ఆ నియమాలు మధ్యలో తెగకుండా ఎప్పటినుంచి నడుస్తున్నాయి? ఇలా లెక్కేయడం మొదలుపెడితే ప్రపంచపటం కొత్తగా కనిపిస్తుంది.

మా నాన్న పుట్టింది 1938లో. చైనా నాగరికతకు వేల ఏళ్లు, కానీ ఇప్పటి చైనా ప్రభుత్వం మొదలైంది 1949 అక్టోబరు 1న. జపాన్ చక్రవర్తుల వంశం లోకంలోకెల్లా పాతదంటారు, ఆ చక్రవర్తిని అలంకారప్రాయం చేసిన రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1947 మే 3న. ఇటలీ రాజ్యాంగానిది 1948, జర్మనీది 1949. విప్లవానికి పుట్టిల్లని మనం చెప్పుకునే ఫ్రాన్స్‌లో ఇప్పుడు నడుస్తున్నది ఐదో రిపబ్లిక్, అది 1958లో వచ్చింది. రష్యా రాజ్యాంగం 1993 డిసెంబరుది. మూడెకరాల చెల్క దున్నుకున్న మా నాన్న వీటన్నిటికంటే వయసులో పెద్దవాడు. మన గణతంత్రం కంటే కూడా.

1945లో ఐక్యరాజ్యసమితి పుట్టినప్పుడు సభ్యదేశాలు 51. ఇప్పుడు 193. ఒక్క 1960లోనే ఆఫ్రికాలో 17 దేశాలు స్వతంత్రమయ్యాయి. అంటే ఇవాళ్టి ప్రభుత్వాల్లో చాలావాటికి మీ తాతల వయసు కూడా లేదు. మన ఇరుగుపొరుగునే చూడండి. నేపాల్ ఇప్పటి రాజ్యాంగం 2015 సెప్టెంబరులో వచ్చింది, అప్పటికి మీరు బడిలో ఉన్నారు. శ్రీలంకది స్వాతంత్ర్యం తర్వాత మూడో ఏర్పాటు, 1978 నాటిది. పాకిస్తాన్‌దీ మూడోదే, 1973 నాటిది. మయన్మార్‌లో సైన్యం, అఫ్గానిస్తాన్‌లో తాలిబన్లు అధికారం లాక్కున్నది 2021లో. థాయిలాండ్‌లో 1932 నుంచి ఇప్పటిదాకా 20 రాజ్యాంగాలు వచ్చాయి.

ఇది పరాయివాళ్ల కథేమీ కాదు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి ఫిజీ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లున్నారు. ఆ దేశానికి 1970లో స్వాతంత్ర్యం వచ్చాక వాళ్ల మనవలు, మునిమనవలు నాలుగు రాజ్యాంగాలు చూశారు, 1987లో, 2000లో, 2006లో కుట్రలూ చూశారు. ప్రభుత్వం తెగిపోతే రైతు ముందుగా అడిగేది తన కాగితం చెల్లుతుందా లేదా అనే. ఫిజీలో మనవాళ్లు ఎక్కువమంది కౌలు భూముల మీద బతికినవాళ్లు. ఆ ప్రశ్న వాళ్లకెంత బరువో మా ఇనప్పెట్టె చూశాక నాకర్థమైంది.

మరి పాతవి లేవా? ఉన్నాయి. శాన్ మరినో అనే చిన్న దేశం 1600 నాటి శాసనాలను ఇంకా అట్టిపెట్టుకుంది. అక్కడ దేశాధినేతలు ఇద్దరు, వాళ్లు ఆరునెలలకోసారి మారిపోతారు. బ్రిటన్‌కు ఒక్కచోట రాసిపెట్టిన రాజ్యాంగమే లేదు. పుట్టినరోజు 1689 అనుకోవాలో, స్కాట్లాండ్ కలిసిన 1707 అనుకోవాలో, ఐర్లండ్‌లో ఎక్కువ భాగం విడిపోయిన 1922 అనుకోవాలో చరిత్రకారులు వాదించుకోవచ్చు. నార్వే రాజ్యాంగం 1814 మే నెలది. పెద్ద దేశాల్లో, రాసిపెట్టుకుని నేటికీ అమల్లో ఉన్న వాటిలో అన్నిటికంటే పాతది అమెరికాది. 1787లో ఫిలడెల్ఫియాలో రాశారు, 1789లో అమల్లోకి తెచ్చారు.

ఆ 1789 సెప్టెంబరులో ఒక విచిత్రం జరిగింది. అమెరికా రాయబారిగా పారిస్‌లో ఉన్న థామస్ జెఫర్సన్ తన మిత్రుడు జేమ్స్ మాడిసన్‌కు ఉత్తరం రాశాడు. ఒక తరం చేసిన చట్టం తర్వాతి తరాన్ని కట్టిపడేయవచ్చా అన్నది ఆయన ప్రశ్న. ఈ భూమి బతికున్నవాళ్లది, చచ్చినవాళ్ల పెత్తనం దానిమీద చెల్లదన్నది ఆయన వాదం. అక్కడితో ఆగలేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త బుఫాన్ తయారుచేసిన మరణాల పట్టికలు ముందు పెట్టుకుని, ఒక రోజున బతికున్న పెద్దల్లో సగానికి పైగా పోవడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క కట్టాడు. 19 ఏళ్లని తేల్చాడు. కాబట్టి ఏ రాజ్యాంగమైనా 19 ఏళ్లకు తనంతట తాను కాలం చెల్లిపోవాలన్నాడు. మరుసటి ఏడు మాడిసన్ మర్యాదగానే కాదన్నాడు. ముందు తరాలు చేసిన మేలు తర్వాతి తరాలు అనుభవిస్తున్నప్పుడు ఆ బాధ్యతా మోయాలి, అదీగాక ఇన్నేళ్లకోసారి అన్నీ రద్దవుతాయంటే ఎవరి ఆస్తికీ, ఎవరి హక్కుకూ నిలకడ ఉండదు అన్నాడు.

రెండు వందల ఇరవై ఏళ్లు గడిచాక, 2009లో, ఎల్కిన్స్, గిన్స్‌బర్గ్, మెల్టన్ అనే ముగ్గురు పరిశోధకులు 1789 నుంచి లోకంలో వచ్చిన జాతీయ రాజ్యాంగాలన్నిటి ఆయుర్దాయాన్ని లెక్కగట్టి ఒక పుస్తకం వేశారు. సగటు ఎంతొచ్చిందో తెలుసా? 19 ఏళ్లు. జెఫర్సన్ ఇలా ఉండాలని కోరుకున్న అంకె, చరిత్రలో దానంతటదే వచ్చి నిలబడింది. అయితే ఆయన కోరుకున్నది కొత్త తరం కూర్చుని, ఆలోచించి, తన రాజ్యాంగం తాను రాసుకోవాలని. జరిగిందేమో చాలాచోట్ల తుపాకులొచ్చి పాత కాగితం చింపేయడం.

మన రాజ్యాంగానికి 75 ఏళ్లు దాటాయి. ఆ సగటుకు దాదాపు నాలుగింతలు. వలసపాలన నుంచి బయటపడిన దేశాల్లో ఇంతకాలం ఒకే రాజ్యాంగం కింద ఉన్నవి చాలా తక్కువ. ఈ మాట ఈ వేదిక మీద చెప్పడానికి నాకు గర్వంగా ఉంది, దాన్ని దాచుకోను.

ఎందుకు నిలిచింది? నాకు తోచిన ఒక కారణం చెబుతాను. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ తన చివరి పెద్ద ప్రసంగం చేశారు. అందులో ఆయన ఎత్తిన పేర్లలో జెఫర్సన్‌ది ఒకటి. ప్రతి తరం ఒక వేరే జాతి వంటిదన్న జెఫర్సన్ అభిప్రాయాన్ని సభ ముందుంచి, అందుకే ఈ సభ తన రాతకు తిరుగులేని ముద్ర వేయలేదని, మార్చుకునే దారి సులువుగానే ఉంచిందని చెప్పారు. నాకు ఇది చాలా గొప్ప సంగతిగా కనిపిస్తుంది. తాను రెండేళ్లకు పైగా ఆరోగ్యం పాడుచేసుకుని రాసిన దాన్ని, దాన్ని మార్చే హక్కు మీకుందంటూ ఒక మనిషి మన చేతుల్లో పెడుతున్నాడు. ముసాయిదా సంఘంలో ఆయనతో పాటు పనిచేసినవాళ్లలో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరని కూడా మీరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. అమెరికా రాజ్యాంగానికి ఇన్నేళ్లలో 27 సవరణలే. జపాన్‌ది ఒక్కసారీ మారలేదు. మనది వందసార్లకు పైగా మారింది. ఆ మార్పులన్నీ మంచివని నేననను. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో తెచ్చిన 42వ సవరణ పౌరుణ్ని కుదించింది. నేనప్పుడు ఇంటర్ కుర్రాణ్ని. 1977 మార్చిలో జనం ఓటుతో ఆ ప్రభుత్వాన్ని దించడం, మరుసటి ఏడు 44వ సవరణతో చాలామటుకు గాయం కట్టుకోవడం కళ్లారా చూశాను. గొలుసు బిగుసుకుంది, వంగింది, తెగలేదు.

ఇంకొక సంగతి, ఇది పాఠాల్లో పెద్దగా చెప్పరు. మన రాజ్యాంగం చివరి అధికరణం 395. అది చేసే పని రెండు చట్టాలను రద్దు చేయడం. ఒకటి 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం. రెండోది 1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టం. రెండూ లండన్ పార్లమెంటు చేసినవే. అంటే మనకు స్వాతంత్ర్యం ఇచ్చిన కాగితాన్నే మనం రద్దు చేశాం. బొడ్డుతాడు కోసుకున్నట్టు. కెనడా సంగతి చూడండి, 1867లో పుట్టిన ఆ దేశం తన రాజ్యాంగంలో ముఖ్యమైన భాగాలు మార్చుకోవాలంటే 1982 దాకా లండన్ గడప తొక్కాల్సి వచ్చింది. మన పెద్దలు ఆ పని మొదటి రోజే తేల్చేశారు. ఈ అధికారం మాకెవరూ ఇచ్చింది కాదు, మా జనం దగ్గర్నుంచి వచ్చింది అన్నారు.

జనం అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాలి. ఇందాకటి వయసుల లెక్కలో ఒక పెద్ద లోపం ఉంది. స్విట్జర్లాండ్ రాజ్యాంగ వ్యవస్థ 1848 నాటిదని గౌరవంగా చెప్పుకుంటాం. అక్కడ ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో. మరి సగం మందికి సంబంధించినంతవరకు ఆ ప్రభుత్వం పుట్టింది ఎప్పుడు? అమెరికా రాజ్యాంగం మొదట బానిసను జనాభా లెక్కలో మనిషిలో అయిదింట మూడు వంతులుగా ఎంచింది. బానిసత్వం పోయింది 1865లో, ఆడవాళ్లకు ఓటు 1920లో, దక్షిణాది నల్లజాతివాళ్లకు ఆ ఓటు చేతికి నిజంగా అందింది 1965 చట్టం తర్వాత. ప్రభుత్వం అందరిదీ అయిన రోజే దాని అసలు పుట్టినరోజు అనుకుంటే, మనం 1950లో పుట్టాం, వాళ్లు మనకంటే చిన్నవాళ్లు. నాకు ఈ లెక్కే సరైందనిపిస్తుంది.

మన మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా నడిచాయి. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు, వాళ్లలో ఎక్కువమందికి చదువు రాదు. మా వైపు అప్పటిదాకా సాయుధ పోరాటం. ఆ 1951 అక్టోబరులోనే దాన్ని విరమించారు. కొద్ది నెలలకే, ప్రభుత్వంతో తుపాకులతో తలపడ్డ ఉద్యమానికి నాయకుడైన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలబడి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. రెండేళ్ల పసి గణతంత్రం తనమీద ఆయుధం పట్టినవాళ్లకు తన సభలోనే చోటిచ్చింది, వాళ్లూ వచ్చి కూర్చున్నారు. ప్రభుత్వం ఆయుష్షు అటువంటి రోజుల్లోనే తేలిపోతుందని నా నమ్మకం.

ఇప్పుడు ఆ ఇనప్పెట్టె దగ్గరికి మళ్లీ వస్తాను. అందులోని నాలుగు కాగితాల్లో మా తాత పేరుంది, నాన్న పేరుంది. ఆ చెల్కలో కలుపు తీసి, కోత కోసి, నడుము వంగిపోయిన మా నానమ్మ పేరు ఒక్కదాంట్లో కూడా లేదు. ఆమె పేరు మొట్టమొదట సర్కారు కాగితానికి ఎక్కింది ఆ మొదటి ఎన్నికల ఓటరు జాబితాలోనే. పేర్లు రాసుకోవడానికి ఒకాయన వాకిట్లోకొచ్చి "నీ పేరేందమ్మా" అని అడిగితే, తన వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూసిందట. భర్త పేరు నోటితో పలకడం తప్పనుకునే రోజులు. అది పక్కింటి పిల్లాడితో చెప్పించి, తన పేరు మాత్రం తానే చెప్పింది. ఆ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దానిమీద గుర్తు. వరసగా పెట్టిన ఆ డబ్బాల గురించి పోయేదాకా చెబుతూనే ఉండేది.

ఆ ఏడు అందరికీ ఆ భాగ్యం దక్కలేదు. బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారతం వైపు ఎంతోమంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి కూతుర్ని అన్నారు. సొంత పేరు లేకుండా జాబితాలో ఉంచేది లేదని ఎన్నికల సంఘం గట్టిగా నిలబడింది. దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల నమోదు కొట్టేయాల్సి వచ్చింది. చరిత్రలో నన్ను బాధపెట్టే అంకెలు చాలా ఉన్నాయి, ఇదొకటి. వాళ్లు ఓటెయ్యకూడదని ఎవరూ అనలేదు. వాళ్లను పేరు పెట్టి అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

రిజిస్ట్రార్ గారి చేతిలో ఒక జాబితా ఉంది. ఇందాక వేదిక ఎక్కే ముందు ఒకసారి ఇమ్మని అడిగి తిరగేశాను. బంగారు పతకాలు అందుకునేవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలే. పిలిచినప్పుడు లేచి రండి. మీ పేరు తప్పుగా చదివితే అక్కడికక్కడే సరిచేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. మొదటి పేరు రిజిస్ట్రార్ గారు పిలుస్తారు.