అమ్మకు చేరని మాట

 

ఈ రోజు నవంబరు 2. మా కతోలికులకు సమాధుల పండుగ. సాయంత్రం నాన్న సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, అటునుంచి అటే బడికి వచ్చాను. అందుకని ఈ పూట పాఠానికి బదులు మా నాన్న గురించి నాలుగు మాటలు చెబుతాను.

మా నాన్నది పోలవరమే. పదో తరగతి చదివి 1988లో మిలటరీలో చేరాడు. మన గోదావరి వైపు ఇది కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. దాన్ని మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరివాళ్లు వెళ్లారు.

నాన్న బెంగుళూరులో మద్రాసు సాపర్ల దళంలో శిక్షణ పొందాడు. సాపర్లు అంటే తుపాకీతోపాటు పార కూడా పట్టే సైనికులు. వాగు మీద వంతెన కట్టాలి. కొండల్లో దారి వేయాలి. శత్రువు పాతిన మందుపాతరలు తీయాలి. "మిలటరీలోనూ నాది మట్టి పనే" అని నవ్వేవాడు.

1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. మే నుంచి జులై దాకా సాగింది. మన సైనికులు 500 మందికి పైగా చనిపోయారు. నాన్న అప్పుడు కాశ్మీరులో ఉన్నాడు. నాకు ఏడాది వయసు. ఇంట్లో ఫోను లేదు. ఉత్తరమే ఆధారం. దాని మీద ఊరి పేరు ఉండదు. "56 ఏ.పి.ఓ." అని మాత్రం ఉంటుంది. అది మిలటరీ తపాలా. మనిషి ఎక్కడున్నాడో ఇంటివాళ్లకు తెలియదు.

అమ్మకు అప్పుడు చదువు రాదు. ఉత్తరం వస్తే, చదివిపెట్టేవాళ్ల కోసం వీధిలో తిరిగేది. జూన్‌లో ఒకటి వచ్చింది. చదివిన అబ్బాయి, "క్షేమమేనట అత్తా, డబ్బులు పంపాడట" అని చేతిలో పెట్టేశాడు.

చలికాలంలో నాన్న సెలవుకు వచ్చాడు. "ఉత్తరంలో నిన్నో మాట అడిగాను. జవాబు రాయించలేదేం?" అన్నాడు. అమ్మ పెట్టె తీసి ఆ ఉత్తరం ఇచ్చింది. నాన్న చివరి గీతలు చదివి వినిపించాడు. "పాప అడుగులు వేస్తోందా? నేను తిరిగి రాకపోతే పాప చదువు ఆపకు. ఆపనని నీ మాటగా రాయించు."

ఆ మాట అమ్మకు చేరనే లేదు. అబ్బాయిది తప్పనను. అలాంటి మాట ఒకరి భార్యకు చదివి వినిపించాలంటే ఎవరికి నోరొస్తుంది?

అమ్మ ఏడ్చింది. నాన్న కోప్పడలేదు. మర్నాడు పలక కొనుక్కొచ్చాడు. సెలవు రెండు నెలలు. రోజూ సాయంత్రం జపమాల చెప్పుకున్నాక అమ్మ చేత అక్షరాలు దిద్దించాడు. ఆయన వెళ్లిన మూడు నెలలకు అమ్మ సొంతంగా ఉత్తరం రాసింది. మూడే ముక్కలు. "మేం బాగున్నాం. పాప పరుగెత్తుతోంది. చదువు ఆపను."

2005లో నాన్న నౌకరీ ముగించి ఇంటికి వచ్చాడు. పింఛను వస్తోంది గదా అని కూర్చోలేదు. చేను కౌలుకు తీసుకున్నాడు. రాత్రిళ్లు కాపలా పనికి వెళ్లాడు. ఆదివారం పూజ మాత్రం మానలేదు. పోలవరం ప్రాజెక్టు ముంపు ఊళ్లవాళ్లు కాగితాలు పట్టుకుని వస్తే, ప్రతి గీతా చదివి చెప్పేవాడు. "ఏముందో తెలియకుండా వేలిముద్ర వేయొద్దు" అనేవాడు.

2022 జులైలో గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986 తరువాత అంత వరద అదే. నాన్నకు అప్పటికి 52 ఏళ్లు. గట్టు మీద కుర్రాళ్లతో కలిసి ఇసుక బస్తాలు మోశాడు. గోడకు ఇటుకలు పేర్చినట్టు, అతుకు మీద అతుకు రాకుండా బస్తాలు పేర్చడం వాళ్లకు చూపించాడు.

మరుసటి ఏడు గుండెపోటుతో పోయాడు.

మాజీ సైనికుడు పోతే భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. కాని డిశ్చార్జి బుక్కులో, పింఛను కాగితంలో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకేలా ఉండాలి. తేడా ఉంటే తిరగాలి. నాన్న ఉండగానే అమ్మ ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూసింది. తన పేరు ఇంగ్లీషులో గుర్తుపట్టడం కూడా నాన్నే నేర్పాడు. ఒకదానిలో ఒక అక్షరం తేడా వచ్చింది. నాన్న అప్పుడే అర్జీ పెట్టి సరిచేయించాడు. అందుకే ఆయన పోయాక అమ్మ ఎవరినీ బతిమాలుకోలేదు.

నాన్న ట్రంకు పెట్టెలో పతకాల కింద మాకు ఒక కాగితం దొరికింది. మడతల దగ్గర చిరిగింది. అది అమ్మ రాసిన ఆ మూడు ముక్కల ఉత్తరం.

ఇప్పుడు ఫోను ఉంది గదా, ఉత్తరాలెందుకు అనుకోవచ్చు. నిజమే. కాని మీరు సంతకం పెట్టే కాగితం ఫోనులో మాట్లాడదు. దాన్ని మనమే చదవాలి.

నిన్న పెయింటరు సిలువ మీద నాన్న పేరు రాస్తుంటే అమ్మ పక్కనే నిలబడి చూసింది. "తమ్ముడూ, ఇక్కడ వత్తు పోయింది, చూడు" అంది. అతను దిద్దాడు.

రేపు వచ్చేటప్పుడు మీ ఇంట్లో కాగితాలు తెండి. మీ పేరు ఎక్కడ ఎలా ఉందో మీరే చదవండి. రేపటి పాఠం అదే.

సెలవు.