మంట ఆరాక రాసిన కాగితాలు



1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ప్రాణాలిచ్చిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిలో ఏటా వారోత్సవాలు జరుపుకుంటున్నాం. ఈ ఉపన్యాసం కూడా వారి పేరు మీదే. ఫోర్ట్ స్టికీన్ అనే ఆ ఓడలో పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ కలిపి ఎక్కించారు. మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో పొగ కనిపించింది. 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలింది. ఆ కుదుపు సిమ్లాలోని భూకంప నమోదు యంత్రానికి అందింది. గొట్టాలు పట్టుకుని ఓడ మీదా గట్టు మీదా నిలబడ్డవాళ్లలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు.

ఇది మనం ఏటా తలచుకునేదే. నేను ఇవాళ అందులోంచి ఒక్క సంగతి పట్టుకుంటాను. నిప్పుతో తలపడి వచ్చినవాళ్లు స్టేషన్‌కు చేరి రిపోర్టు రాయాలి కదా, ఆ రోజు రాయాల్సినవాళ్లలో చాలామంది మిగల్లేదు. నీళ్లు ఎటునుంచి కొట్టారు, ఓడను ముంచేద్దామన్నది ఎవరు, బయటికి లాగుదామన్నది ఎవరు, వద్దన్నది ఎవరు... ఇవన్నీ విచారణ సంఘం బతికి బయటపడ్డవాళ్ల నోటి నుంచి ముక్కలు ముక్కలుగా రాబట్టుకోవాల్సి వచ్చింది. మామూలు రోజున మన స్టేషన్ ఆఫీసరు అలసిపోయిన చేత్తో నింపే నాలుగు పేజీల ఫారం విలువ ఎంతో నాకు అక్కడ తెలుస్తుంది. ఆ ఫారానికి రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. దాన్ని ఎవరు చదువుతారో వాళ్లకు పనికొచ్చేదే అందులోకి ఎక్కుతుందని, తక్కినది బూడిదతో పాటు ఊడ్చుకుపోతుందని ఆ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

క్రీస్తు శకం 6లో రోమ్‌లో అగస్టస్ చక్రవర్తి రాత్రిపూట గస్తీ తిరుగుతూ మంటలార్పే దళాన్ని పెట్టాడు. వాళ్లను విజిలెస్ అనేవారు. వాళ్ల అధిపతి నిప్పు ఎలా పుట్టిందో విచారించేవాడు. మంటలు ఎక్కువగా ఇంట్లోవాళ్ల అజాగ్రత్త వల్లే పుడతాయని, అలాంటివాళ్లను కొట్టించనైనా కొట్టించాలి, గట్టిగా మందలించనైనా మందలించాలి అని రోమన్ న్యాయసంహితలో ఉంది. అంటే అక్కడ విచారణ తప్పెవరిదో తేలగానే ముగిసేది. 1666 సెప్టెంబరులో లండన్ తగలబడినప్పుడూ అంతే. పుడ్డింగ్ లేన్‌లోని రొట్టెల బట్టీ దగ్గర మొదలైన మంట అది. నేనే పెట్టానని ఒప్పుకున్న ఒక ఫ్రెంచి గడియారాల పనివాణ్ణి అక్టోబరులో ఉరితీశారు. నిప్పు పుట్టిన రెండు రోజులకు గాని అతను లండన్‌లో అడుగుపెట్టలేదని తర్వాత తేలింది.

మనం ఇప్పుడు రిపోర్టు అంటున్న దానికి రూపం ఇచ్చినవాళ్లలో జేమ్స్ బ్రెయిడ్‌వుడ్‌ది మొదటి పేరు. 1824లో, 24 ఏళ్ల వయసులో ఎడిన్‌బరో దళానికి అధిపతి అయ్యాడు. 1830లో ఇంజన్ల గురించి, సిబ్బంది శిక్షణ గురించి, నిప్పు దగ్గర ఎలా మెలగాలో పుస్తకం రాశాడు. 1833లో లండన్‌లోని పది ఇన్సూరెన్సు కంపెనీలు తమ దళాలను ఒకటి చేసి ఆయన చేతికిచ్చాయి. అప్పటి నుంచి ఆ నగరంలో జరిగిన ప్రతి అగ్నిప్రమాదమూ పట్టికకెక్కింది. కొవ్వొత్తి, తెరలు, పొగగొట్టం, గ్యాస్, పొగాకు, అగ్గిపుల్లలు, ఆరబెట్టిన బట్టలు, పిల్లల ఆట, తెలియదు అంటూ కారణాలు. పూర్తిగా కాలింది, బాగా దెబ్బతింది, కొద్దిగా దెబ్బతింది అంటూ నష్టం. ఏటేటా ఆ లెక్కలు అచ్చయ్యేవి. కొవ్వొత్తి ఏడాదికి ఎన్ని ఇళ్లు కాలుస్తుందో ఒక నగరం లెక్క చూసుకోగలగడం అంతకుముందు లేనిదే. నేను ఆ మనిషికి చేతులెత్తి నమస్కరిస్తాను.

అయితే ఆయనకు జీతం ఇచ్చింది ఇన్సూరెన్సు కంపెనీలు. పట్టిక వాళ్ల ప్రశ్నలకే జవాబు చెప్పింది. నిప్పు ఎలా పుట్టింది, ఎంత సొమ్ము పోయింది? 1861 జూన్ 22న థేమ్స్ ఒడ్డున టూలీ స్ట్రీట్ గోదాముల్లో జనపనార, పత్తి, కొవ్వు అంటుకున్నాయి. మంట ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోకుండా ఇనప తలుపులు పెట్టాలని బ్రెయిడ్‌వుడ్ ఎన్నాళ్లుగానో చెబుతూ వచ్చాడు. అక్కడ తలుపులున్నాయి, కానీ వేసి లేవు. గోడ కూలి బ్రెయిడ్‌వుడ్ అక్కడే చనిపోయాడు. మంట పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది. ఆయన కారణాల పట్టికలో కొవ్వొత్తికి గడి ఉంది గాని తెరిచి వదిలేసిన తలుపుకు గడి లేదు. ఆ నష్టం మోయలేక కంపెనీలు చేతులెత్తేశాయి. 1865లో చట్టం వచ్చింది. 1866 నుంచి లండన్ దళం ప్రజల డబ్బుతో నడిచే ప్రభుత్వ దళమైంది. దళం చేతులు మారినా ఫారం మీద పాత యజమాని ముద్ర అలాగే ఉండిపోయింది. మన దగ్గర ఈనాటికీ ఏటా ఎంత ఆస్తి పోయింది, ఎంత ఆస్తి కాపాడాం అన్న రెండు అంకెలు ముందు చెబుతాం. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకుంటే మంచిదని ఇంతసేపు చెప్పాను.

అమెరికాలో చాలాకాలం ఏ ఊరి దళం ఫారం దానిదే. 1973లో జాతీయ కమిషన్ 'అమెరికా బర్నింగ్' అనే నివేదిక ఇచ్చింది, 1974లో చట్టం వచ్చింది, 1976లో ఎన్‌ఎఫ్‌ఐఆర్‌ఎస్ అనే ఉమ్మడి రిపోర్టు పద్ధతి మొదలైంది. అందులో సంఘటనకు మూడంకెల కోడ్ ఉండేది: భవనం అంటుకుంటే 111, గిన్నె దాటని వంటింటి మంటకు 113. నాకు అన్నిటికన్నా నచ్చింది కోడ్ కాదు. 'కారణం' అన్న ఒక్క గడిని విడగొట్టి వేడి ఎక్కడి నుంచి వచ్చింది, మొదట అంటుకున్న వస్తువేది, దానికి తోడైనదేమిటి అని వేర్వేరుగా అడిగారు. పొగ పసిగట్టే పరికరం ఉందా, ఉంటే మోగిందా, స్ప్రింక్లర్లు ఎన్ని తెరుచుకున్నాయి అని కూడా అడిగారు. మంటను ఆపింది ఏమిటన్న ప్రశ్నకు అక్కడ చోటు దొరికింది.

ఆ ప్రశ్న విలువ ఫిలడెల్ఫియాలో తెలుస్తుంది. 1991 ఫిబ్రవరి 23 రాత్రి వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తున నూనె పీల్చుకున్న గుడ్డల్లో నిప్పు పుట్టింది. సిబ్బంది మెట్లెక్కి వెళ్లి భవనం గొట్టాలకు హోస్ తగిలించారు. నీళ్లు వచ్చాయి గాని మంట దాకా చిమ్మే ఒత్తిడి లేదు. అంతస్తుల దగ్గర ఒత్తిడిని తగ్గించడానికి బిగించిన వాల్వులను మరీ తక్కువకు సర్దిపెట్టారు. అక్కడికక్కడ సరిచేయడానికి పనిముట్టు గానీ తెలిసినవాడు గానీ లేరు. ముగ్గురు ఫైర్‌ఫైటర్లు పొగలో దారి తప్పారు. తాము 30వ అంతస్తులో ఉన్నామని రేడియోలో చెప్పారు. తోటివాళ్లు ఆ అంతస్తంతా, ఆ పైనా వెతికారు. ముగ్గురూ దొరికింది 28లో. మంట సుమారు 19 గంటలు కాల్చి 30వ అంతస్తు దగ్గర ఆగింది. అక్కడ అద్దెకున్నవాళ్లు స్ప్రింక్లర్లు పెట్టించుకున్నారు. పది తలలు తెరుచుకుని, దళాలన్నీ కలిసి ఆపలేని మంటను ఆపాయి.

ఫెడరల్ అగ్నిమాపక సంస్థ నివేదిక ఈ సంగతులన్నీ, వాల్వులతో సహా, అచ్చువేసింది. 1993లో జాతీయ ప్రమాణం మారింది. పై అంతస్తు గొట్టం దగ్గర ఉండాల్సిన కనీస ఒత్తిడి చదరపు అంగుళానికి 65 పౌండ్ల నుంచి 100కు పెరిగింది. ఆ నివేదిక కారణం గడిలో 'నూనె గుడ్డలు' అని రాసి సంతకం పెట్టేసి ఉంటే? అది అబద్ధం కాదు. కానీ తర్వాతి భవనం మెట్ల మీద ఇంకో ముగ్గురు అలాగే నిస్సహాయంగా గొట్టం పట్టుకుని నిలబడి ఉండేవాళ్లు.

రిపోర్టులోని మాట తప్పైతే ఎంతదాకా పోతుందో కూడా చెప్పాలి. మంటలో సన్నగా బీటలు వారిన అద్దం కనిపిస్తే ఎవరో పెట్రోలు పోశారని దర్యాప్తు అధికారులు ఏళ్ల తరబడి రాశారు. 1991 అక్టోబరులో ఓక్లండ్ కొండల్లో కార్చిచ్చుకు కాలిన ఇళ్లను నిపుణులు తిరిగి చూస్తే, ఎవరూ ఏమీ పోయని ఇళ్లలోనూ అలాంటి అద్దాలు దొరికాయి. వేడెక్కిన గాజు మీద నీళ్లు పడితే అలా బీటలిస్తుందని ప్రయోగాల్లో తేలింది. అంటే ఆ గుర్తు చాలాసార్లు మన హోస్ పెట్టిన గుర్తే. అదే ఏడాది డిసెంబరులో టెక్సస్‌లో ఒక ఇల్లు కాలి ముగ్గురు పిల్లలు చనిపోయారు. బీటల అద్దాన్నీ నేల మీది మచ్చలనూ ఆధారాలుగా చూపిన దర్యాప్తు మీద తండ్రికి మరణశిక్ష పడింది, 2004లో అమలైంది. ఆ దర్యాప్తుకు శాస్త్రీయ ఆధారం లేదని నిపుణులు చెప్పారు. 

ఇక మన ఇంటి సంగతి. వాచ్‌రూమ్‌లో 101 ఫోన్ ఎత్తిన నిమిషం, బండి గేటు దాటిన నిమిషం, చేరిన నిమిషం, మంట అదుపులోకి వచ్చిన నిమిషం... ఇవి మనవాళ్లు నిక్కచ్చిగా రాస్తారు. అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. కారణం గడి దగ్గరికి వచ్చేసరికి రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి: షార్ట్ సర్క్యూట్. కాలిన గదిలో రాగి తీగ కొసన చిన్న పూసలా కరిగిన ముద్ద దొరుకుతుంది. అది చూపించి షార్ట్ సర్క్యూట్ అంటారు. కానీ వేరే చోట పుట్టిన మంట వచ్చి తీగ మీది తొడుగు కాల్చినా, కరెంటు ఉంటే, ఆ పూస అలాగే ఏర్పడుతుంది. పూస ఒక్కటే చూసి అది మంటకు తల్లో బిడ్డో చెప్పలేం. రిపోర్టు రాసే ఆఫీసరుకు అది తేల్చే ప్రయోగశాల చేతిలో లేదు, ఆ సాయంత్రమే ఇంకో కాల్ వస్తుంది, షాపు యజమాని ఇన్సూరెన్సు కోసం ఫైర్ అటెండెన్స్ సర్టిఫికెట్ అడుగుతుంటాడు. బ్రెయిడ్‌వుడ్ నాటి చదువరే ఇప్పటికీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తప్పు ఆ ఆఫీసరుది అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పైగా అది నిజంగా షార్ట్ సర్క్యూటే అయినా జనం చనిపోయింది దానివల్ల కాదు. 1979 మే 8న మాంచెస్టర్‌లోని వూల్‌వర్త్స్ దుకాణంలో పది మంది చనిపోయారు. దెబ్బతిన్న కరెంటు తీగ దగ్గర మొదలై ఉంటుందన్నారు. కానీ పొగ కక్కింది సోఫాల్లోని ఫోమ్. అక్కడి అగ్నిమాపక అధికారులు ఆ ఫోమ్‌నే పట్టుకుని వదల్లేదు. 1988లో బ్రిటన్ ఫర్నిచర్ నిబంధనలు తెచ్చింది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన గదులు, పొగకూ మనుషులకూ ఒకే మెట్లదారి. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే కుటుంబానికి, బంధువర్గానికి చెందిన 17 మంది పోయారు. వాళ్లలో పసిపిల్లలున్నారు. అక్కడా ఇరుకైన ఒకే దారి. ఆ మెట్ల వెడల్పు టేపు పట్టి కొలిచి రిపోర్టులో రాస్తే, పాతబస్తీలో అలాంటి మెట్లున్న మిగతా ఇళ్లకు వెళ్లడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటుంది.

నన్ను ఎక్కువగా వెంటాడేది ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు. 1997 జూన్ 13న సాయంత్రం 5 గంటల వేళ కింద పార్కింగ్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కారిన నూనె అంటుకుంది, కార్లు అంటుకున్నాయి, పొగ బాల్కనీకి ఎక్కింది. అదనంగా వేసిన సీట్లు దారి మూసేశాయి. 59 మంది ఊపిరాడక చనిపోయారు. అదే రోజు ఉదయం 7 గంటలకు కాస్త ముందు అదే ఆవరణలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు నిప్పంటుకుంది. చిన్న మంట, వెంటనే ఆరిపోయింది. తీగ కొసను క్రింపింగ్ యంత్రంతో బిగించాల్సింది పోయి సుత్తితో కొట్టి బిగించారు. మధ్యాహ్నానికి ముందే కరెంటు ఇచ్చారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1989 జూలైలోనూ ఆ హాలు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మంట లేచింది. ఆ పాత సంఘటన తర్వాత కోర్టులో సాక్ష్యంగా వచ్చింది. ప్రమాదం ముందే తెలుసని నిరూపించడానికి పనికొచ్చింది. ఆ మనుషులు బతికుండగా పనికిరాలేదు.

నష్టం రూపాయల్లో కొలిచినంతకాలం అలాంటి పొద్దుటి మంట చిన్నదిగానే మిగులుతుంది. అందుకే నేను చిన్న మంటల రిపోర్టుల పక్షాన మాట్లాడుతున్నాను. అమెరికాలో 1998 నుంచి ఎన్‌ఐఓఎస్‌హెచ్ సంస్థ విధిలో చనిపోయిన ఫైర్‌ఫైటర్ల సంఘటనలను దర్యాప్తు చేసి, చనిపోయినవారి పేరు రాయకుండా, ఎవరి మీదా తప్పు మోపకుండా ప్రచురిస్తూ వచ్చింది. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మనకు అగ్నిమాపకం మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనిగా రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో ఉంది, నడిపేది రాష్ట్రాలు. దేశం మొత్తం మీద అగ్నిప్రమాదాల మరణాల సంఖ్య ఏటా జాతీయ నేర నమోదుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ చెబుతుంది. ఆ సంఖ్య పోలీసు రికార్డుల నుంచి వస్తుంది, మన స్టేషన్ల ఫారాల నుంచి కాదు.

అధికారులు ఈ సభలో ఉన్నారు కనుక నా విన్నపం సూటిగా చెబుతాను. ఫారంలో మూడు గడులు చేర్చండి: ఈ ఆవరణలో ఇంతకుముందు నిప్పు పుట్టిందా, పుడితే ఎప్పుడు; పొగ ఏ దారిన పైకి పోయింది; మంటను ఆపింది, లేదా ఆపలేకపోయింది ఏమిటి. కారణం తెలియనప్పుడు 'తెలియదు' అని రాసిన ఆఫీసరును ఎవరూ సంజాయిషీ అడగకండి. ఇన్సూరెన్సుకు ఇచ్చే సర్టిఫికెట్‌ను ఈ ఫారం నుంచి విడదీయండి. నింపిన ఫారాలను పేర్లు తీసేసి ఆరు నెలలకోసారి జిల్లాల వారీగా తెలుగులో అచ్చువేసి ప్రతి స్టేషన్‌కూ, ప్రతి మున్సిపల్ టౌన్ ప్లానింగ్ ఆఫీసుకూ పంపండి. మొదటి సంచికకు కావలసిన సామగ్రి ఇప్పటికే మన బీరువాల్లో ఉంది.